నరసాపురంలో మైకు ముందు

నరసాపురం వెళ్ళాలనుకునేవాళ్ళు రాజమండ్రి నుంచి పొద్దున్నే బయల్దేరే పాసింజరు ఎక్కండి. బస్సు ముందు చేరుస్తుంది గాని ఆ రోడ్డు మీద ఒళ్ళు హూనమవుతుంది. రైలు భీమవరంలో కదలనని మొండికేస్తుంది కాబట్టి ఫలహారం వెంట కట్టుకోండి. దాళ్వా, అంటే రెండో పంట, నాట్ల రోజుల్లో వెళ్తే నిడదవోలు దాటాక రెండు వైపులా చూడదగ్గదే.

నేను సరదాకి వెళ్ళలేదు. రిటైరైన హెడ్మాస్టరు ఆనందరావు గారు నరసాపురంలో పేద ఆడపిల్లల చదువు కోసం ఒక చిన్న సంఘం నడుపుతున్నారు. పిల్లలను కాలేజీలకు పంపడం, నలుగురిలో మాట్లాడడం నేర్పడం ఆ సంఘం పని. ఆయన ఒకరోజు ఫోన్ చేశారు. అప్పటికి రాజమండ్రిలో మా కాలేజీ స్టాఫ్ రూములో ఇద్దరి దగ్గరే సెల్లుండేది. ఆయన మా ప్రిన్సిపాల్ గది ఫోన్‌కి చేసి, అందరూ వినేలా గట్టిగా మాట్లాడారు.

“మేడం, అమెరికా వాళ్ళు వస్తున్నారండి. వాళ్ళ ఇంగ్లీషు మా చెవులకి అందదు. మీరొచ్చి తెలుగు చెయ్యాలండి. మా రత్నకుమారికి ఈ సాయం అందకపోతే ఇంటర్‌తో ఆగిపోతుందండి. పిల్లలందరూ కలిసి దాన్నే లీడరుగా ఎన్నుకున్నారు. చాలా చురుకైన పిల్ల.”

వచ్చేవాళ్ళ సంస్థ గురించి కూడా ఆయనే చెప్పారు. టెక్సస్‌లో హిస్పానిక్ పిల్లలని ఉంటారట. అంటే మెక్సికో వైపు నుంచి వచ్చి స్థిరపడిన, ఇంట్లో స్పానిష్ మాట్లాడే కుటుంబాల పిల్లలు. వాళ్ళను కాలేజీ చదివించి, నాయకత్వ శిక్షణ ఇవ్వడం ఆ సంస్థ పని. ఇప్పుడు మన దేశంలో అలాంటి ఒక సంఘంతో చెయ్యి కలిపి, ఏటా ఒక అమ్మాయికి డిగ్రీ చదువు, వేసవిలో మద్రాసులో శిక్షణ ఇప్పిద్దామని వస్తున్నారు. ఇంగ్లీషు చెప్పుకుని బతుకుతున్న నాకే ఆ హిస్పానిక్ అన్న మాట కొత్త. నేను అమెరికా అంటే తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ అనుకునేదాన్ని.

రాజమండ్రి స్టేషన్లో ఇద్దరినీ కలిశాను. సంస్థ అధ్యక్షురాలు ఎలేనా గారు పొట్టిగా, చామనఛాయగా, పొడుగు జడతో ఉన్నారు. ముందురోజు మెయిన్ రోడ్డులో కొన్న నేత చుడీదార్ వేసుకున్నారు. ఆవిడకు సహాయకురాలిగా వచ్చిన కేరెన్ ఆరడుగుల పిల్ల. పాలలా తెల్లగా ఉంది, అప్పటికే ఎండకు ముక్కు కందిపోయింది. ఆనందరావు గారు కారు పెడతామంటే ఎలేనా గారు వద్దని, అందరూ వెళ్ళే రైల్లోనే వెళ్దామన్నారట. మూడు టికెట్లకూ ఆవిడే డబ్బులిచ్చి, చిల్లర సరిగ్గా లెక్క చూసుకుని పర్సులో వేసుకున్నారు. నాకు ఆ ఒక్క పనితో ఆవిడ నచ్చేశారు.

కొవ్వూరు వంతెన మీద ముగ్గురం కబుర్లు మానేసి నీళ్ళు చూశాం. తణుకులో ఒకావిడ అరటిపళ్ళ బుట్టతో ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. కేరెన్‌ను చూసి, “దొరసానమ్మకి కిటికీ పక్క చోటివ్వండమ్మా, పాపం” అంటూ ఎలేనా గారిని లేపినంత పని చేసింది. తర్వాత ఆవిడనే తెలుగులో అడిగింది.

“మీదే ఊరమ్మా?”

అమెరికా అని నేను చెబితే ఆవిడ నమ్మితే కదా. “ఊరుకోండి! ఈవిడ అమెరికా ఏంటండీ? అచ్చం మా చిన్నాడపడుచులా ఉంటేను” అంది. నేను ఇంగ్లీషులో చెబితే ఎలేనా గారు కళ్ళనీళ్ళు తిరిగేలా నవ్వి, ఆవిడ దగ్గరే అరడజను పళ్ళు కొన్నారు.

అత్తిలి దాటాక పొలాల్లో నాట్లు వేస్తున్నారు. మోకాళ్ళ లోతు బురదలో ఆడవాళ్ళు వరసగా వంగి ఉన్నారు. ఎలేనా గారి నవ్వు ఆగింది. వాళ్ళెవరు, పొలాలు వాళ్ళవేనా, వాళ్ళ పిల్లలు బడికి వెళ్తారా అని అడిగారు. కూలికి వస్తారని, ఇప్పుడు చాలామంది చదివిస్తున్నారని చెప్పాను. “నేను వచ్చింది వాళ్ళ కోసమే” అన్నారు.

పదకొండు దాటాక నరసాపురంలో దిగాం. ప్లాట్‌ఫాం మీద బ్యానరు, బ్యాండు, బంతిపూల దండలు, పాతిక మంది అమ్మాయిలు. ఆనందరావు గారు ఇస్త్రీ ఖద్దరులో ముందు నిలబడ్డారు. కేరెన్ దిగడం ఆలస్యం, మెడలో పెద్ద దండ వేసి, రెండు చేతులూ జోడించి, “వెల్‌కం, ప్రెసిడెంట్ మేడం” అన్నారు. బ్యాండు మోగింది. కేరెన్ కాదు కాదని చేతులు ఊపుతుంటే వినయం అనుకున్నారు. వెనక దిగిన ఎలేనా గారిని ఆయన నాతో వచ్చిన మనిషి అనుకున్నట్టున్నారు.

“కాస్త పక్కకి జరగమ్మా, ఫొటో. ఈ బ్యాగు పట్టుకో” అని కేరెన్ బ్యాగు ఆవిడ చేతికిచ్చారు.

నోరు తెరిచాను గాని మాట రాలేదు. నా నోటి సంగతి తెలిసినవాళ్ళు ఇది నమ్మరు. ఎలేనా గారు మాత్రం బ్యాగు పట్టుకుని పక్కకు జరిగి, ఫొటో తీసేదాకా నిలబడ్డారు. అప్పటికి తేరుకుని నేను ఆనందరావు గారి చెవిలో చెప్పాను. పాపం ఆయన మొహం చూడాలి. నాలుగైదు దండలు ఒకదాని మీద ఒకటి ఆవిడ మెడలో వేసేసి, “నా తల తీసేసినట్టుందండి” అని నాతో తెలుగులో, “సారీ, సారీ” అని ఆవిడతో ఇంగ్లీషులో అంటూనే ఉన్నారు. తమ దేశంలో కూడా ఇలాగే జరుగుతుందని ఎలేనా గారు అన్నారు. అది విని నేను రెండోసారి అదిరిపడ్డాను.

సభ చర్చి పక్క హాల్లో పెట్టారు. వెనక బల్లల మీద తల్లులు అల్లిన లేసు పరిచారు. ఆ తల్లులు పదిహేను మంది దాకా గోడ పక్కనే నిలబడ్డారు. ముందు పిల్లల స్వీయ పరిచయం. రత్నకుమారి మొదట వచ్చింది. సన్నగా, నిటారుగా ఉంది. మైకు ముందు బెరుకు లేదు. తన పేరు, తన క్లాసు చెప్పి, “మా నాన్న రైతు, మా అమ్మ గృహిణి” అని ఇంగ్లీషులో గడగడా చెప్పేసింది. రెండో అమ్మాయి కూడా అంతే. నాన్న రైతు, అమ్మ గృహిణి. మూడో అమ్మాయీ అంతే. చివరి అమ్మాయి దాకా పేరొక్కటే మారింది.

ఎలేనా గారు నా వైపు వంగారు. వీళ్ళందరికీ సొంత పొలాలున్నాయా అన్నారు. పొద్దున్న రైల్లోంచి చూసిన ఆడవాళ్ళ పిల్లలు ఈ హాల్లో ఎక్కడున్నారన్నారు. ఒకరి పొలాల్లో కూలి చేసేవాళ్ళ పిల్లలకే తమ సంస్థ సాయం చేస్తుందని, భూమి ఉన్నవాళ్ళ పిల్లలకు ఇచ్చే అధికారం తనకు లేదని, బహుశా తప్పు చోటికి వచ్చామని కూడా అన్నారు. గొంతులో కోపం లేదు. అదే నన్ను ఇంకా కంగారు పెట్టింది. నేను ఇటు పక్కనున్న ఆనందరావు గారిని గుచ్చి అడిగాను.

“అయ్యో, నేనే నేర్పించానండి!” అన్నారాయన, గొంతు తగ్గించి. “వీళ్ళలో ఒక్కళ్ళకీ సెంటు భూమి లేదు. కానీ కూలీ అని పదిమందిలో ఎలా చెప్పిస్తామండి? పిల్లలు చిన్నబుచ్చుకోరా? అమెరికా వాళ్ళ ముందు కాస్త గౌరవంగా ఉంటుందని...”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గౌరవం కోసం నేర్పిన ఆ రెండు వాక్యాలు ఆ పిల్ల చదువును ఆ పూటే మింగేసేలా ఉన్నాయి. సంగతి ఎలేనా గారికి చెబుదామని తిరిగేసరికి ఆవిడను మైకు దగ్గరికి పిలిచేశారు. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను.

ఆవిడ కాగితం చూసి చదవలేదు. “మా అమ్మ ఒకరి పొలాల్లో ఉల్లిపాయలు పీకేది, పదేళ్ళు వచ్చేదాకా నేనూ తనతో వెళ్ళేదాన్ని, బళ్ళో ఎవరైనా అడిగితే అమ్మ ఇంట్లోనే ఉంటుందని అబద్ధం చెప్పేదాన్ని” అన్నారు. తెలుగులో చెప్పడానికి నేను ఊపిరి తీసుకున్నాను. ఆనందరావు గారు నా మోచేయి పట్టుకున్నారు.

“అది వద్దండి మేడం. మాది వ్యవసాయ కుటుంబం అన్నారని చెప్పేయండి. అంత పెద్దావిడ పిల్లల ముందు పలచనైపోతారు.”

ఆయన చెడ్డవాడు కాదు. అతిథి మర్యాద కాపాడుతున్నాననే నిజంగా అనుకుంటున్నారు. నేను మోచేయి విడిపించుకుని, ఆవిడ అన్నది అన్నట్టుగా, కూలి అన్న మాటను కాస్త గట్టిగానే చెప్పాను.

ముందు వరసలో పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. రత్నకుమారి లేచింది.

“వంగేనా అండి పీకేది? రోజంతానా?”

నేను అడిగితే ఎలేనా గారు మైకు వదిలేసి, దండలు తీసి కుర్చీ మీద పెట్టి, నడుం వంచి, రెండు చేతులతో పీకి దులిపి పక్కన వేయడం చేసి చూపించారు. ఒక అమ్మాయి కిసుక్కుమంది. తర్వాత అందరూ నవ్వారు. అది ఎగతాళి నవ్వు కాదు. రత్నకుమారి అడక్కుండానే మైకు దగ్గరికి వచ్చింది. ఈసారి తెలుగులో చెప్పింది.

“ఇందాక చెప్పింది తప్పండి. మాకు భూమి లేదు. నాన్న వలల మీదికి వెళ్తాడు. మా అమ్మ నాట్లకి వెళ్తుంది, కోతలకి వెళ్తుంది. పని లేనప్పుడు లేసు అల్లుతుంది. పేరు సువార్తమ్మ. అదిగో, అక్కడ నిలబడింది.”

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక్కొక్కరే మళ్ళీ వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. నేను వాళ్ళ మాటలు ఒక్కొక్కటే ఇంగ్లీషులో పెడుతూ పోయాను. చివర్లో ఎలేనా గారు, ఈ ఏడు సాయం రత్నకుమారికే అని అక్కడే ప్రకటించారు. ఆనందరావు గారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. అంతా శుభంగా ముగిసిందనుకున్నాను.

భోజనాల్లో రొయ్యల ఇగురు, కొబ్బరన్నం, దిబ్బరొట్టె. కేరెన్ మూడుసార్లు వడ్డించుకుంది. నేను చెయ్యి కడుక్కుంటుంటే సువార్తమ్మ వచ్చి నిలబడింది.

“పిల్లని మద్రాసు పంపనండి. డిగ్రీ కూడా వద్దండి” అంది.

నేను విన్నది నిజమేనా అనుకున్నాను. ఎందుకమ్మా అన్నాను.

“మేం కూలోళ్ళమని ఊరందరికీ తెలుసండి. తెలియక కాదు. మైకులో నా పేరు పెట్టి, వేలు పెట్టి చూపించాలాండీ? అందరూ వెనక్కి తిరిగి నన్నే చూశారు. నాకు ఎక్కడ దూరాలో తెలియలేదు. లీడరైతే అమ్మని ఇలా నిలబెట్టడం నేర్పుతారా అండి?”

వెళ్ళిపోయింది. నాకు దెబ్బ తగిలినట్టయింది. హాల్లో చప్పట్లు కొట్టినంతసేపూ ఆ గోడ పక్క మనుషుల వైపు నేను ఒక్కసారీ చూడలేదు. ఆనందరావు గారు వాళ్ళ ఇంటికి వెళ్ళి బతిమాలారు. ఉపయోగం లేదు. రత్నకుమారి గుమ్మంలో కూర్చుందట. సంగతి ఎలేనా గారికి చెబితే ఆవిడ మొహం పాలిపోయింది. తల్లి ఒప్పుకోకపోతే ఎవరూ బలవంతం చెయ్యొద్దని మాత్రం అన్నారు.

సాయంత్రం అయిదున్నర పాసింజరుకు స్టేషన్‌కు వచ్చాం. ఈసారి బ్యాండు లేదు. రైలు ఎక్కి కూర్చున్నాక చూస్తే తల్లీ కూతురూ కిటికీ దగ్గరికి వస్తున్నారు. ఇంటికొచ్చిన అతిథిని మొహం చాటేసి పంపకూడదని వచ్చానంది సువార్తమ్మ. రత్నకుమారి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఎలేనా గారు కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయట పెట్టారు. సువార్తమ్మ పట్టుకోలేదు. పట్టుకోకుండానే నన్ను అడిగింది.

“ఈవిడ కూడా వాళ్ళమ్మ సంగతి మైకులో చెబుతారు కదండి. వాళ్ళమ్మగారు ఇప్పుడు ఈవిడతో మాట్లాడతారా? కనుక్కోండి.”

నేను అడిగాను. ఎలేనా గారు నెమ్మదిగా చెప్పారు. మొదటిసారి చెప్పినప్పుడు వాళ్ళమ్మ నెలల తరబడి మాట్లాడలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఇద్దరూ కలిసే వంట చేసుకుంటారు. కానీ కూతురి సభకు మాత్రం ఆవిడ ఇంతవరకూ రాలేదు, రమ్మని పిలిచినా రాదు. నేను ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. గార్డు ఈల వేశాడు.

సువార్తమ్మ కాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. అప్పుడు ఆ చెయ్యి పట్టుకుంది.

“అయితే నేనూ సభలకి రానండి. పిల్లని పంపుతాను” అంది.

రైలు కదిలింది. రత్నకుమారి నాలుగడుగులు మాతో పాటు నడిచి ఆగిపోయింది. ఎలేనా గారు ఆవిడ ఏమందని అడిగారు. చెప్పాను. పాలకొల్లు దాటాక మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. కేరెన్ నిద్రపోయింది. బయట నాట్లు ముగించుకుని ఆడవాళ్ళు గట్ల మీద ఇళ్ళకు వెళ్తున్నారు.

మీలో ఎవరైనా ఆ పిల్లల దగ్గరికి వెళ్తే అల్లిన లేసు కొనండి, దిబ్బరొట్టె తినండి, వాళ్ళకు ఏం చదవాలని ఉందో అడగండి. తల్లిదండ్రులు ఏం చేస్తారో వాళ్ళే చెప్పేదాకా ఆగండి. నేను ఆ ఊరికి పిల్లలకు పెద్ద మనుషుల మాటలు వినిపించడానికి వెళ్ళాను. ఆ రోజు నేను తెలుగులోకి, ఇంగ్లీషులోకి మార్చిన అన్ని మాటల్లోనూ ఆ తల్లి కిటికీ దగ్గర అన్నదే ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. రాజమండ్రిలో దిగేముందు ఎలేనా గారు ఒక ఫోన్ చేసుకోవాలన్నారు. స్టేషన్ బయట ఎస్టీడీ బూత్ చూపించాను. ఆవిడ అద్దం తలుపు వేసుకుని చాలాసేపు స్పానిష్‌లో మాట్లాడారు. ఆ మాటల్లో నాకు అర్థమైంది అమ్మను పిలిచే “మామా” అన్నదొక్కటే.