చివరి సీటు రాసిన సమీక్ష

సరోజనకు నలభై మూడేళ్లు. కోరుట్ల డిపోలో కండక్టరు. కోరుట్ల నుంచి జగిత్యాల మీదుగా సిరిసిల్ల పోయే బస్సులో పదకొండేళ్లుగా డ్యూటీ చేస్తోంది. ఆమెకు పదిహేడేళ్ల పిల్లల ప్రేమకథలంటే ప్రాణం. ఈ చివరి సంగతి డిపోలో ఎవరికీ తెలియదు.

తెలిస్తే కొంపలేమీ అంటుకోవు. నవ్వుతారు, నాలుగు రోజుల్లో మరిచిపోతారు. కానీ ఆ నవ్వును తలుచుకుంటేనే సరోజనకు చెమటలు పట్టేవి. బస్సు ఆగిన చోట ఫోను తీసి, దానికి టికెట్ల మిషను అడ్డం పెట్టుకుని చదివేది. డ్రైవరు ఎల్లేశం ఒకసారి అడగనే అడిగాడు.

"ఏంది సరోజనా, గంతగనం జూస్తున్నవ్? షేర్ మార్కెటా?"

"వార్తలే, ఎల్లేశమన్నా."

"వార్తలు జూసి ముక్కు చీదుకునేదాన్ని నిన్నే జూసిన."

పుస్తకాలు మనిషిని ఉన్నతంగా తీర్చిదిద్దుతాయని గ్రంథాలయ వారోత్సవాల్లో ఏటా ఎవరో ఒకరు మైకు పట్టుకుని చెబుతుంటారు. సరోజనను అవి ఉన్నతంగా తీర్చిదిద్దినట్టు దాఖలాలేమీ లేవు. తీర్పులు చెప్పడం మాత్రం నేర్పాయి. ఫోనులో కథల యాప్ ఒకటి ఉంది. అందులో ఆమె పేరు ‘చివరి సీటు’. చదివిన ప్రతి నవల కింద ఆ పేరుతో తన అభిప్రాయం రాసేది. మొహమాటం లేకుండా రాసేది, ఎందుకంటే అక్కడ ఆమెకు మొహం లేదు.

ఆ అభిప్రాయాల్లో సరుకు లేదనడానికి వీల్లేదు. అబ్బాయి వెంటపడి చేయి పట్టుకుంటాడు, అమ్మాయి మూడు అధ్యాయాలు కోపగించి నాలుగో అధ్యాయంలో కరిగిపోతుంది. ఇలాంటి నవల ఒకదాని కింద ఆమె ఇలా రాసింది: ‘ఇటువంటి పిల్లగాండ్లను రోజూ చూస్తుంటాను. వాళ్లను చూసి కరిగిన పిల్లను ఇంతవరకు చూడలేదు. వాళ్లు ఎక్కగానే ముందు సీట్లకు జరిగే పిల్లల్ని మాత్రం వందల్లో చూశాను.’ ఇంత తెలివిగా రాసి, అదే నవలను రెండోసారి చదివి, అదే నాలుగో అధ్యాయం దగ్గర మళ్లీ కళ్లు తుడుచుకుంది. ఆ సంగతి సమీక్షలో లేదు.

రాబోయే చెడ్డ రాజ్యాల నవలల మీద ఆమెకు ఇంకో అభిప్రాయం ఉండేది. పదహారేళ్లకు పరీక్ష పెట్టి, పిల్లల్ని వర్గాలుగా చీల్చి, పై వర్గాన్ని కోటలోకీ కింది వర్గాన్ని గనిలోకీ తోలే కథలు అవి. ‘దీనికి నూరేళ్లు ముందుకు పోవడమెందుకు? పదో తరగతి ఫలితాల రోజు ఏ ఇంటికైనా పొండి’ అని రాసింది. దానికి తొమ్మిది వందల మంది మెచ్చుకోలు గుర్తులు పెట్టారు. ‘సార్, కుండ బద్దలు కొట్టారు’ అన్నారు. చివరి సీటు అంటే హైదరాబాదులో ఎవరో రిటైరైన ప్రొఫెసరని వాళ్ల లెక్క. సరోజన ఆ లెక్కను సరిచేయలేదు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు కొట్టే చేతికి ‘సార్’ అనిపించుకోవడం బాగుంది.

అలా ఉండగా ‘తొంభైమూడో షెడ్డు’ అనే నవల వచ్చింది. రాసినవాళ్ల పేరు నీలికండె అని ఉంది. వారానికో అధ్యాయం. ఆ రాజ్యంలో పదహారేళ్లు నిండగానే ప్రతివాళ్లూ తమ గొంతును సర్కారుకు అప్పగించాలి. పండుగకు రెండు రోజులు తిరిగి ఇస్తారు. దుబాయిలో తన భర్త పాస్‌పోర్టు పనిలో పెట్టుకున్న కఫీల్ బీరువాలో ఉన్న రోజులు గుర్తొచ్చి సరోజన మొదటి అధ్యాయాన్ని ఒక్క గుక్కలో చదివింది. కథ షెడ్డులోకి వెళ్లాక ఆమెకు చిరాకు మొదలైంది. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. ఆ సాంచాల మధ్య ఒక పిల్లా పిల్లాడూ గొంతుల్లేకుండా, సైగలతోనే ప్రేమించుకుంటారు. పద్నాలుగో అధ్యాయం కింద సరోజన దులిపేసింది. మూడు వందల మంది నవ్వు బొమ్మలు పెట్టారు. పదిహేనో అధ్యాయం రాలేదు.

ఎందుకు రాలేదో ఒక శనివారం మధ్యాహ్నం తెలిసింది.

జగిత్యాలలో ఇద్దరు ఆడపిల్లలు ఎక్కి సరిగ్గా కండక్టరు సీటు వెనక కూర్చున్నారు. వాళ్లలో లుబ్నాను సరోజన ఎరుగును. జగిత్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతుంది, శనివారం సిరిసిల్ల పోయి సోమవారం తిరిగొస్తుంది. రెండో పిల్ల గజాలా, ఆమె మేనమామ కూతురు. టికెట్లు కొట్టి సరోజన కూర్చుందో లేదో, వెనక గజాలా ఫోను చూస్తూ ముక్కుతో చదవడం మొదలుపెట్టింది.

"‘ఈ రచయిత్రి సాంచా అనే మాటను ఎక్కడో విని వాడింది. షెడ్డు గడప తొక్కిన మనిషి ఇలా రాయదు. నాలుగు వరసల అవతల పిల్లాడు కనుబొమ్మ ఎగరేస్తే ఈమెకు పూర్తి వాక్యం అర్థమవుతుందట.’ అబ్బ, సారు ఏం రాసిండే."

"బంద్ చెయ్యి గజాలా."

"ఆగవే, అసలుది ముందున్నది. ‘పన్నెండు అధ్యాయాల కనుబొమ్మల ప్రేమ. ఇంగ్లిషు నవలల్లోంచి దింపిన మూగసైగలు మన దగ్గర నడవవు.’"

సరోజనకు వీపు మీద వేడినీళ్లు పోసినట్టయింది. తను రాసిన మాటల్ని ఇంకొకరి గొంతులో వినడం ఆమెకు అదే మొదటిసారి. రాసేటప్పుడు అవి ఇంత కటువుగా లేవు.

"నేనైతే ఇగ రాయ," అంది లుబ్నా.

"పదిహేనోది రాసి పెట్టుకున్నవ్ గదనే."

"రాసిన. పెట్ట. నవ్వించుకునుడు సాలు."

ఒక స్టేజీ దాటిపోయింది. దిగాల్సిన ముసలాయన కేకేస్తే సరోజన ఉలిక్కిపడి బెల్లు కొట్టింది. ఎల్లేశం అద్దంలోంచి ఆమెను ఒక చూపు చూశాడు. ముసలాయన తిట్టుకుంటూ దిగాక సరోజన వెనక్కి తిరిగింది. ఏదో ఒకటి అనకుండా ఉండలేకపోయింది.

"ఏం కథ బిడ్డా?"

"ఇది రైటరక్కా," అంది గజాలా. "ఒక సారు దీని గాలి తీసిండు."

"పోనీ తియ్యి. గా సారుకేం తెలుసు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక సరోజనకు తన నోరు తనకే అసహ్యంగా తోచింది. లుబ్నా మాత్రం తల అడ్డంగా ఊపింది.

"గట్లనకుండ్రి అక్కా. ఆయన మంచిగ సదువుతడు. అందరి లెక్క ‘సూపర్’ అని రాసిపోడు. గందుకే తాకింది. ఒక్కపారి మా అమ్మీ, అబ్బా పనిచేసే షెడ్డుకు ఆయనొస్తే, జూసి పోతుండె."

పదకొండేళ్లలో సరోజన సిరిసిల్లకు ఎన్ని వేల ట్రిప్పులు వేసిందో డిపో రికార్డుల్లో ఉంటుంది. కానీ ఆమె చూసిన సిరిసిల్ల అంతా బస్టాండే. చాయ్ హోటలు, మూత్రశాల, కంట్రోలరు గది. ఊళ్లోంచి వచ్చే సాంచాల చప్పుడు దూరంగా వినిపిస్తుంది కాబట్టి, షెడ్డంటే తనకు తెలుసుననుకుంది.

"నాకు నలభై నిమిషాలు టైమున్నది," అంది. "నేనొస్త."

షెడ్డు బస్టాండు వెనక మూడో సందులో ఉంది. గుమ్మంలో అడుగు పెట్టగానే చప్పుడు ఛాతీకి తగిలింది. లుబ్నా ఏదో చెబుతోంది, పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం లేదు. ఒక మూల లుబ్నా తల్లి హుస్సేన్‌బీ దారం కండెలు చుడుతోంది. నాలుగు వరసల అవతల తండ్రి జానీమియా సాంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఖాకీ బట్టల మనిషిని చూసి హుస్సేన్‌బీ లేచింది. భర్త వైపు చేయి ఎత్తి, బొటనవేలు పెదవికి ఆనించి, గడ్డం కొద్దిగా సరోజన వైపు తిప్పింది. జానీమియా రెండు వేళ్లు దగ్గరికి తెచ్చి చిటికెడంత చూపాడు. లుబ్నా సరోజన చెవిలో నోరు పెట్టి అరిచింది.

"మీకు చాయ్ తెప్పియ్యాల్నా అని అడిగింది. అబ్బా చక్కెర తక్కువ ఎయ్యిపియ్యమన్నడు, మీకు షుగర్ ఉంటదేమోనని."

అంతలో జానీమియా, తెగిన పోగును ముడేస్తూనే, తల ఎత్తకుండా కనుబొమ్మ ఒక్కటి ఎగరేశాడు. నడివయసు హుస్సేన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

"ఇప్పుడేమన్నడు?" అని అరిచింది సరోజన.

లుబ్నా నవ్వింది. "అది మీకు చెప్పొద్దక్కా."

బయట అరుగు మీద చాయ్ తాగారు. చక్కెర తక్కువగానే ఉంది. షెడ్డు చప్పుడుకు అలవాటు పడిన హుస్సేన్‌బీ బయట కూడా గట్టిగానే మాట్లాడింది.

"పెండ్లయిన కొత్తల ఇంట్ల అత్త, మరుదులు అందరుండ్రి. మాట్లాడాల్నంటే సిగ్గు. షెడ్డుల కొస్తెనే మాకు మాటలు. ఎవ్వలకు ఇనబడయి గద."

సరోజన చాయ్ గ్లాసు అరుగు మీద పెట్టి బస్టాండుకు నడిచింది. తిరుగు ట్రిప్పులో ముందు చెకింగ్ జీపు కనబడిందేమో, ఎల్లేశం అద్దంలో ఒక్క వేలు ఎత్తి చూపాడు. ఆమె లేచి టికెట్లు సరిచూసుకుంది. పదకొండేళ్లుగా ఈ మనిషితో ఇలాగే మాట్లాడుతోంది. ఒక బెల్లుకు ఆగుతాడు, రెండు బెల్లులకు కదులుతాడు, కనుబొమ్మకు విసుక్కుంటాడు. సైగలో పూర్తి వాక్యం పడుతుందని ఆమెకు ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పనే లేదు. అయినా సమీక్షలో ఆ వెక్కిరింపు వాక్యం రాసింది. ఎందుకు రాసిందో కూడా ఆమెకు తెలుసు. ఆ వాక్యం పదునుగా వచ్చింది, జనం నవ్వుతారని తోచింది. అంతకు మించి ఏమీ లేదు.

వేములవాడ బస్టాండులో ఫోను తీసి ఆ సమీక్షను చెరిపేసింది. గుండె తేలికైనట్టనిపించింది. క్షమాపణ కన్నా చెరిపేయడం సులువు. పైగా చెరిపేసినవాళ్లు దాన్ని మంచితనం కింద జమ వేసుకుంటారు.

సోమవారం మొదటి ట్రిప్పు తిరుగులో లుబ్నా సిరిసిల్లలో ఒంటరిగా ఎక్కింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఏమైంది బిడ్డా?"

"ఆదివారమంతా కూసోని ఆ సారుకు జవాబు రాసిన అక్కా. మీరు షెడ్డు జూసి పోయినంక ధైర్యమొచ్చింది. జవాబు పెట్టినంక పదిహేనోది పెడ్దామనుకున్న. తీరా జూస్తే ఆయన రాసింది లేదు."

"లేకుంటే మంచిదే గద."

"ఏం మంచిది? నవ్వినోళ్లు మూడొందల మందికి యాదికుంటది. నా జవాబు ఏడ పెట్టాలె? చిన్నపోరి అని జాలి పడ్డడో, నా కథకు తిట్టు గూడ దండుగ అనుకున్నడో. ఇగ నేను రాసుడు ఒడిసింది."

సరోజన జీరో టికెట్ కొట్టి ఆమె చేతిలో పెట్టింది. ముందు వరస దాకా పోయింది, తిరిగొచ్చింది, మళ్లీ పోయింది. వేములవాడలో సగం బస్సు ఖాళీ అయ్యాక వచ్చి లుబ్నా పక్కన కూర్చుంది.

"చివరి సీటు నేనే."

లుబ్నా నవ్వబోయింది. "పరాచికాలాడకుండ్రి అక్కా. ఆయన సారు."

రుజువు కావాలంటే ఫోను చూపించాలి. ఫోను చూపిస్తే అంతా చూపించినట్టే. సరోజన యాప్ తెరిచి ఆ పిల్ల చేతికిచ్చింది. పైన చివరి సీటు పేరు. కింద ఆమె చదివిన రెండు వందల పన్నెండు నవలల అట్టలు. వాన, గొడుగు, కాలేజీ గేటు, గులాబీ, మళ్లీ వాన. కొన్నింటి పక్కన ‘మూడోసారి చదివారు’ అని యాప్ తనంతట తనే రాసి పెట్టింది. లుబ్నా వేలితో ఆ అట్టల్ని కిందికి తోస్తున్నంతసేపూ సరోజన కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది.

"శనివారం ‘గా సారుకేం తెలుసు’ అన్నది మీరే గద?"

"నేనే."

"షెడ్డుకొచ్చి చాయ్ గూడ తాగిండ్రు."

"తాగిన."

"మా అమ్మీ ఇంకా మిమ్ములనే తలుసుకుంటున్నది. మంచి మనిషి అని."

సరోజన ఫోను వెనక్కి తీసుకుంది. "కథ ఆపకు బిడ్డా," అంది.

"ఆపుడు, ఆపకపోవుడు నా ఇష్టం. ముందుగాల మీరు తీసేసింది మల్ల పెట్టుండ్రి."

"నా దగ్గర లేదు. పోయింది."

లుబ్నా సంచిలోంచి నోటుబుక్కు తీసింది. చివరి పేజీలో, నీలి సిరాతో, సరోజన సమీక్ష మొత్తం చేత్తో రాసుకుని ఉంది. కొన్ని మాటల కింద ఎర్ర గీతలు.

జగిత్యాల బస్టాండులో పది నిమిషాల హాల్టు. ప్లాట్‌ఫారం చివర నిలబడి లుబ్నా చదువుతుంటే సరోజన ఫోనులో కొట్టుకుంది.

"‘షెడ్డు గడప తొక్కిన మనిషి ఇలా రాయదు.’ కొట్టిండ్రా?"

"ఇది కొంచెం మార్చనా?"

"ఒక్క అక్షరం మార్చొద్దు. ‘పన్నెండు అధ్యాయాల కనుబొమ్మల ప్రేమ.’" లుబ్నా ఒక్క క్షణం ఆగింది. "పన్నెండు జెర ఎక్కువనే. అది నిజమే. ఉండనీయుండ్రి."

ఎల్లేశం హారన్ కొట్టాడు. కిటికీలోంచి తల బయటపెట్టి అడిగాడు.

"ఏం రాస్తున్నవ్ సరోజనా, గంత పాణం బెట్టి?"

"ప్రేమకథ మీద రాస్తున్న, ఎల్లేశమన్నా."

అతను ఆమె మొహం చూసి, నవ్వబోయి మానుకున్నాడు. సరోజనకు అది అతను నవ్వడం కన్నా కష్టంగా తోచింది.

సమీక్ష పెట్టే ముందు సరోజన పేరు మార్చింది. చివరి సీటు పోయి, ‘సరోజన, కండక్టరు, కోరుట్ల’ అయింది. లుబ్నా ఆ పేరు చూసి, కాలేజీ ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

కోరుట్ల చేరేదాకా టికెట్లతో సరిపోయింది. డిపోలో బస్సు ఆగాక ఫోను తీసింది. అప్పటికే కింద నవ్వులు మొదలయ్యాయి. ‘ఇన్నాళ్లూ సార్ అనుకున్నాం, కండక్టరమ్మనా?’ ‘చదివేవి మొత్తం కాలేజీ ప్రేమలేనట.’ వాటి కింద నీలికండె జవాబు ఉంది. ఆదివారమంతా కూర్చుని రాసింది కాదు, కొత్తది, చిన్నది.

‘ఈమె మా షెడ్డును చూడకుండా ఇది రాసింది. చూశాక, నాకు చెప్పకుండా తీసేసింది. రెండూ తప్పే. పన్నెండు అధ్యాయాల మాట ఒప్పుకుంటాను. పదిహేనోది ఇప్పుడే పెట్టాను.’

సరోజన దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత ఎల్లేశం ఇంకా డ్రైవరు సీట్లోనే ఉన్నాడని తెలిసీ, మిషను పక్కన పెట్టి, ఫోనుకు ఏదీ అడ్డం పెట్టకుండా పదిహేనో అధ్యాయం తెరిచింది.