గోనెసంచిలో బంగారం

నిన్న పొద్దున నా ఫోను ఊపిరి వదిలేసింది. వెనకవైపు ఉబ్బి, మూత పక్కకు జరిగి, నిండు చూలి మేక మాదిరి బల్ల మీద పడి ఉంది. కోడలు దాన్ని గుడ్డతో పట్టుకొని, ఇది చెత్త బండిలో వేయకూడదు కదా మామా, ఇచ్చొచ్చేదాకా యాడ పెట్టేది, అని అడిగింది. అడిగింది చిన్న మాటే. నేను మాత్రం కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. చెడిపోయిన ఫోను అనే మాట చెవిన పడితే చాలు, మా పెరట్లో యాసిడ్డు డబ్బా ముందర గొంతుక్కూర్చున్న మా బామ్మర్ది కళ్ళ ముందుకొస్తాడు. ఏండ్లు గడిచినా ఆ బెదురు పోలేదు. మీ మాదిరి నా ఈడు వాళ్ళతో చెప్పుకుంటేనన్నా పోతుందేమో చూడాలి.

కోలారు బంగారు గనుల పక్కనుండే మా ఆండర్సన్‌పేటలో టీ అంగడి బెంచీ మీద నేను ఏండ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చిన కథ ఒకటుంది. పెండ్లికి ముందర, గని దీపాలుంచే ల్యాంపు రూములో చేరకముందు, నేను కంపెనీ మిల్లులో పని చేసినానని. రాయిని పిండి కొట్టి, ఆ పిండిలోనుంచి బంగారాన్ని వేరు చేసే చోటు అది. గనిలోకి దిగినోళ్ళు మా ఊళ్ళో ఇంటికొకరు ఉన్నారు గానీ, మిల్లు లోపల ఏం జరుగుతుందో కళ్ళారా చూసినవాళ్ళు బహు కొద్దిమంది, కాబట్టి నాకు అడ్డం చెప్పేవాడు లేడు. కరిగిన బంగారాన్ని నా చేత్తో అచ్చులో పోసినానని చెప్పినాను. పెద్ద ఆఫీసరు నన్ను పేరు పెట్టి పిలిచి, ముద్ద రంగు చూసి మంచీ చెడూ చెప్పమనేవాడని చెప్పినాను. మిల్లులో అరిగిన నా చెప్పులు కాలిస్తే ఆ బూడిదలో ముక్కుపుడకకు సరిపడా బంగారం తేలిందని కూడా చెప్పినాను. చెప్పుల సంగతి అబద్ధమని ఇప్పుడే ఒప్పుకుంటున్నాను. మిగతావి కాస్త ఆగి ఒప్పుకుంటాను.

ఆ మిల్లు కక్కిన పిండి మీరు చూసే ఉంటారు. బంగారం తీసే మందు పేరుతో ఊరి చుట్టూ తెల్లగా నిలబడిన సైనైడ్ గుట్టలు అవే. మా చిన్నతనంలో గాలి లేచిందంటే అమ్మ అన్నీ వదిలేసి నీళ్ళ కుండల మీద తడిగుడ్డ కప్పేదానికి పరిగెత్తేది. ఆరేసిన చొక్కాలు మళ్ళీ ఉతకాల్సి వచ్చేది. రాగిముద్ద నోట్లో పెట్టుకుంటే పండ్ల మధ్య కరకరలాడేది. మేమేమో ఆ గుట్టల మీద రేకు ముక్క వేసుకొని జారుకుంటూ, ఇంటికొచ్చి దెబ్బలు తినేవాళ్ళం. బంగారం ఏ దేశానికి పోయిందో మాకు తెలీదు గానీ, దాన్ని తీసిన మందు మాత్రం మా ఊపిరితోనే కాపురం పెట్టింది.

మా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు, పక్క వీధిలోనే ఉంటాడు. గని మూసేదాకా అడుగున డ్రిల్లు పట్టినవాడు. రాయి దుమ్ము వాని రొమ్ములో గూడు కట్టేసింది. రైలు స్టేషన్లో మెట్ల వంతెన ఎక్కాలంటే సగంలో ఆగి, కమ్మీ పట్టుకొని, ఎవరికోసమో చూస్తున్నట్టు నటిస్తాడు. పొయ్యి పొగ కూడా పడనీయొద్దని డాక్టరు చెప్పినాడు. అట్లాంటి మనిషి కొన్నేండ్ల కిందట ఒక మధ్యాహ్నం గోనెసంచి ఈడ్చుకుంటూ మా పెరట్లోకి వచ్చినాడు. వీధిలో ఇంటింటికీ పోయి అడిగి తెచ్చినాడంట. చచ్చిన ఫోన్లు, టీవీ లోపలి పచ్చ పలకలు, కేబుల్ డబ్బాలు, ఎవరో కాలేజీ పిల్లది పారేసిన కంప్యూటరు లోపలి సామాను. ఆ పలకలను యాసిడ్డులో నానేసి బంగారం తీసే వీడియో ఏదో చూసినాడు. నగల పని చేసేవాళ్ళను బతిమాలి యాసిడ్డు కూడా సంపాదించినాడు.

“నువ్వు పక్కన కూర్చోని చెప్తా ఉండు బావా, చేసేదంతా నేను చేస్తా. మిల్లులో చేసినోడివి, నీకిదెంత పని?”

ఈ వయసులో నీకెందుకురా ఇదంతా అంటే, వాడు సంచి మూతి విప్పుతూ తల ఎత్తకుండానే చెప్పినాడు.

“అమ్ముకునేదానికి కాదు బావా. అన్నేండ్లు రాయి కొట్టినా, ఒక్క రవ్వ అరచేతిలో పెట్టుకొని చూసింది లేదు. పోయేలోపల ఒకసారి చూడాలని ఉండాది.”

ల్యాంపు రూములో నేను పని చేసింది మాత్రం నిజం, దాంట్లో కల్తీ లేదు. గనిలోకి దిగేవాళ్ళు నెత్తిన పెట్టుకునే దీపాలకు నడుముకు కట్టుకునే బ్యాటరీలుండేవి. షిఫ్టు దిగినాక వాటిని వాపసు తీసుకొని, తుడిచి, యాసిడ్డు చూసి, ఛార్జింగుకు పెట్టేది నా పని. ఆ రోజుల్లో యాసిడ్డు చుక్కలకు నా ప్యాంట్లన్నీ జల్లెడ మాదిరి ఉండేవి. కిటికీలు మూసిన ఒక వానాకాలం రోజు, నా పక్కన పని చేసే గట్టి మనిషే ఆ ఆవిరికి గొంతు పట్టుకొని మోకాళ్ళ మీద కూలబడడం చూసినాను. ఇంగ మా బామ్మర్ది రొమ్ము ఎంత? ఆ డబ్బా మూత తీసి, దాంట్లో పలక వేసి, లేచే పొగ మీద వంగినాడంటే, వాన్ని లేపేదానికి నలుగురు కావాలి. బంగారం గురించి నాకేమీ తెలీదు. యాసిడ్డు గురించి మాత్రం తెలుసు. వద్దురా అంటే, మిల్లులో ఇదే పని చేసినోడివి నువ్వే భయపడితే ఎట్లా అంటాడు. తెలిసిన ఆ ఒక్కటీ చెప్పాలంటే, తెలీనిది ఒప్పుకోవాలి.

నేను అది చేయలేదు. వాయిదాలు వేసినాను. ఈ పొద్దు గాలి తిరుగుడుగా ఉండాది అన్నాను. దీనికి మామూలు కుండ పనికిరాదు, లోపల నున్నగా గాజు పూత ఉన్న జాడీ కావాలన్నాను. అబద్ధం చెప్పే కొద్దీ నేను నిజంగానే మిల్లు మనిషి మాదిరి మాట్లాడుతున్నానని నాకే అనిపించింది, వానికి అనిపించడంలో వింతేముంది? రెండు రోజులకే యాడనో ఊరగాయ జాడీ వెతికి తెచ్చినాడు. ఈ మధ్యలో ఆ డబ్బా బట్టలుతికే చోట అట్లనే ఉంది. ఒక చుక్క గచ్చు మీద పడి నురగ కట్టిన మరక నా కంట్లో నుంచి పోలేదు. పక్కింటి పిల్లకాయలు బంతి కోసం గోడ దూకితే అన్నం చేత్తోనే లేచి పరిగెత్తేవాన్ని. పొద్దస్తమానం కిటికీ కాడ కాపలా కూర్చున్నాను.

ఇంగ తప్పదని ఒక రోజు చెప్పేసినాను, నేను మిల్లులో పని చేయలేదురా అని. వాడు నవ్వినాడు.

“మిల్లోళ్ళు ఎవురడిగినా ఇట్లనే అంటారు. లోపలి మాట బయట చెప్పకూడదని గేట్లో ఒట్టేయించుకుంటారని నువ్వే కదా చెప్పినావు?”

చెప్పినాను. అది కూడా నేను కల్పించిందే. నిజంరా అని బతిమాలే కొద్దీ వాని ముఖం మాడిపోయింది. సొంత అక్క మొగుడే తనకు దాస్తున్నాడని నొచ్చుకున్నాడు. నువ్వు చెప్పకపోతే పోనీలే, నేనే చూసుకుంటా అని, తుండుగుడ్డ ముక్కుకు చుట్టుకొని, జాడీలోకి యాసిడ్డు వంచినాడు. ఆ ఘాటుకే దగ్గు మొదలైంది. దగ్గుతూనే ఒక చేత్తో రొమ్ము పట్టుకొని, ఇంకో చేత్తో పచ్చ పలక ఒకటి అందుకున్నాడు. వద్దురా, వద్దురా అని నేను అరుస్తూనే ఉన్నాను. లోపలినుంచి నా భార్య వచ్చి వాని మణికట్టు పట్టుకుంది.

“నీ బావ మిల్లు గేటు దాటి లోపలికి పోయిందే లేదప్పా. వాళ్ళ చిన్నాయనకు సంగటి క్యారియరు తీసుకొనిపోయి గేటు కాడ నిలబడేవాడు. మా పెండ్లిలో ఆ చిన్నాయనే నాకు చెప్పి నవ్వినాడు.”

టీ అంగట్లో నేను అచ్చులు పోసి వచ్చిన ప్రతి సాయంత్రం ఈమెకు నిజం తెలుసన్న మాట. తెలిసీ, పోయినన్ని రోజులు పోనీలే అని నా మర్యాద కాపాడుతూ వచ్చింది. నేను చూసింది ఒక గేటు, ఒక కావలివాడు, లోపలినుంచి వచ్చే దడదడ చప్పుడు. మిగతాదంతా చిన్నాయన గోడ నీడలో కూర్చోని సంగటి తింటూ చెప్పిన ముచ్చట్లే.

అక్క మాట వాడు నమ్మినాడు. పలక సంచిలో వేసి, దూరంగా వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. దగ్గు తెరిపిచ్చేదాకా నా భార్య వాని వీపు నిమిరింది. నన్ను తిడతాడనుకున్నాను.

“అయితే నువ్వు కూడా చూడలేదా బావా?” అన్నాడు.

లేదురా అన్నాను.

తర్వాత కోడలు ఊరుకోలేదు. యాసిడ్డు ఇచ్చినోళ్ళకు ఫోను చేసి నాలుగు మాటలు గట్టిగా అని, వాళ్ళ చేతనే వాపసు ఎత్తించింది. ఉబ్బిన బ్యాటరీలను వేరు చేసి, రేకు డబ్బాలో ఇసుక పోసి పెట్టింది. ఇట్లాంటి సామాను తీసుకునే చోటు కోలారులో, తమక అనే పేట దగ్గర ఉందని విచారించి చెప్పింది. సంచి, ఇసుక డబ్బా పట్టుకొని నేనూ బామ్మర్దీ బస్సెక్కినాం. ఎండకు ఆ డబ్బా ఎక్కడ అంటుకుంటుందోనని దారి పొడుగునా నా చెయ్యి దాని మీదే. అక్కడ ఒక అమ్మాయి అన్నీ తీసుకుంది. దీంట్లో బంగారం వస్తాదా అమ్మా అని వాడు అడిగితే, వస్తాదంట తాతా, పొగ బయటికి పోకుండా తీసే పెద్ద ఫ్యాక్టరీకి పంపిస్తారు అంది. నువ్వు చూసినావా అన్నాడు. లేదు, మేము ఇక్కడ వేరు చేసేది మాత్రమే అంది. వాడు తల ఊపి, సంచి మీద ఒకసారి చెయ్యి వేసి, వచ్చేసినాడు.

నా సంగతి వాడు ఎవరికీ చెప్పలేదు. నేనే మిల్లు కథ మానేసినాను. అడిగేవాళ్ళు కూడా లేరులెండి. వయసు పిల్లకాయలందరూ తెల్లారకముందే పనులకని బెంగుళూరు రైలెక్కి, చీకటి పడినాక దిగుతారు. వాళ్ళకు మా ఊరు పడుకునేదానికి ఒక చోటు, అంతే. మా రోజుల్లో సైరను కూస్తే, అడుగున ఉన్నోళ్ళు పైకొస్తున్నారని ఇండ్లల్లో ఆడవాళ్ళు పొయ్యి రాజేసేవాళ్ళు. కూత వినపడితే గుండె కుదుటపడేది. ఇప్పుడు సైరను లేదు, ఎవరు యాడున్నారో చెప్పే చప్పుడే లేదు. సాయంత్రమైతే సందు మలుపులో, మా ఇంటికి టీకి వచ్చే మా బామ్మర్ది దగ్గు వినిపిస్తుంది. అది కాస్త ఆలస్యమైతే, టీ చల్లారుతున్నా పట్టించుకోకుండా, నేను గడప దాకా వచ్చి నిలబడతాను.