ఊరి పేరు పెట్టని బూజు

మా మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను మహబూబాబాద్ స్టేషన్‌లో బండి కోసం చూస్తున్నాను. అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చాను. కాసేపటికి ఆమె మాటలు గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది.

జనగామ కాలేజీలో ఆమె మాకు వృక్షశాస్త్రం చెప్పారు. సెలవు దొరికితే చాలు, తెగులు సోకి ఎండిపోతున్న చేలు వెతుక్కుంటూ బస్సెక్కేవారు. తిరిగొచ్చేటప్పుడు ఒడి నిండా మట్టి సంచులే. ఒకసారి కండక్టర్ ఊరుకోలేక, "ఏంది మేడం, బంగారమా? కింద పెడ్తలేరు!" అన్నాడు.

"జర పైలంగ నడుపుమను. బంగారం పోతే మల్ల కొనుక్కోవచ్చు," అన్నారామె.

ఆ మట్టిలోంచి, కుళ్లిన వేళ్లలోంచి బూజును తీసి, గాజు పళ్లెంలో పెంచి, అది ఏ జాతిదో తేల్చడం ఆమె పని. మేము ఏదో చూసి కొత్త జాతి దొరికిందని గంతులేస్తే, "కొత్తదంటే సాలదు బిడ్డా, పాతదాంతోని యాడ కలుస్తలేదో సూపియ్యాలె," అనేవారు. చాలాసార్లు అది పాతదే అయ్యేది. అయినా అందరికీ టీ తెప్పించేవారు.

ఒక్కటి మాత్రం నిజంగానే కొత్తదని తేలింది. దొరికింది టేకుమట్ల దగ్గర, ఆమె పుట్టిన ఊళ్లో, సొంత అన్నగారి మిర్చి చేలో. దొరికిన చోటి పేరు పెట్టడం ఈ శాస్త్రంలో మామూలే. తన ఊరి పేరు లోకమంతా చదువుతుందని మేడం పొంగిపోయారు. ఆ కబురు చెప్పడానికి మమ్మల్నీ వెంటబెట్టుకుని వెళ్లారు.

అన్నగారు అంతా విని, కండువాతో ముఖం తుడుచుకున్నారు. "మంచిదే గని చెల్లె, గది చెట్లను సంపేదే గద? రోగానికి మన ఊరి పేరు పెడితే రేపు మార్కెట్ల మన మిర్చి ఎవలు ముట్టుకుంటరు?"

మేడం కళ్లలో నీళ్లు తిరగడం చూశాను. తర్వాత, "నిజమే అన్నా. నాకు తట్టనే లేదు," అన్నారు.

తిరుగు బస్సులో సగం దారి రాకముందే మామూలు మనిషయ్యారు. "పళ్లెంల అది ఎంత నిదానంగ పెరుగుతదో సూసినరా? అచ్చం నా లెక్కనే," అని నవ్వారు. నిదానం అని అర్థమొచ్చే లాటిన్ మాటే దాని పేరయింది. ఆ తర్వాత ఆమెకు మరో కొత్త జాతి దొరకలేదు. ఊరి పేరు పెట్టనందుకు బాధగా లేదా అని అడిగితే, "బాధెందుకు? మా అన్న మిర్చి అమ్ముడు పోతున్నది గద," అన్నారు.

ఆమెను ఆ ఊరి మట్టిలోనే కలిపి వస్తుంటే, దారి పక్కన కల్లంలో మిర్చి బస్తాలు కుట్టి వరసగా పెట్టారు. ఒకతను బ్రష్ పట్టుకుని ఒక్కో బస్తా మీద ఊరి పేరు రాస్తున్నాడు. అన్నగారు అక్కడ ఆగి, ఇంకా తడి ఆరని ఆ అక్షరాలను చూస్తూ నిలబడిపోయారు.