రోకియా అక్క రెండాంగ్ మాడిన పండుగ

రోకియాకి కుళ్లు. ఈ మాట ఎవరూ ఆమె వెనకాల అనుకోనక్కర్లేదు, ముఖం మీదే అనొచ్చు. "అవును, నాకు కుళ్లే. నీకు లేదా? లేకపోతే వెళ్లి డాక్టరుకి చూపించుకో" అంటుంది. ఎడారి పట్నం అల్ ఖోర్‌లో గ్యాసు ప్లాంటు ఉద్యోగుల క్వార్టర్లలో మలయ్ కుటుంబాలు నలభై దాకా ఉన్నాయి. ఆ నలభై ఇళ్లలో ఎవరికి ఏ మంచి జరిగినా ముందుగా కడుపు మండేది మూడో బ్లాకులో రోకియాకే. ఆ సెగకి పదకొండేళ్లుగా దగ్గరగా కూర్చున్నవాడు ఆమె భర్త బహ్రిన్.

బహ్రిన్ నెమ్మది మనిషి. ప్లాంటులో ప్రెషరు మీటర్లు చూసే ఉద్యోగం. అక్కడ ముల్లు ఎరుపులోకి వెళితే ఏ వాల్వు తిప్పాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇంట్లో ముల్లు ఎరుపులోకి వెళితే మాత్రం ఏది తిప్పాలో ఇన్నేళ్లయినా తెలియలేదు. ఒకసారి డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, నోరు ఊరుకోక, "ఈవేళ క్యాంటీన్‌లో చేపల పులుసు బాగుంది" అన్నాడు.

"ఎవరు చేశారో?"

"కొత్తగా కేరళ అతనొకడు వచ్చాడులే."

"ఓహో."

ఆ ‘ఓహో’ విన్నాకైనా ఊరుకోవాల్సింది. "పులుపు భలే కుదిరింది" అని కూడా అన్నాడు. మర్నాటి నుంచి ఇంట్లో మూడు పూటలా చేపల పులుసే. నాలుగో రోజుకి పదేళ్ల కూతురు ఆల్యా దండం పెట్టింది. "నాన్నా, నీకు పుణ్యం ఉంటుంది, ఇంకెప్పుడూ ఎవరి వంటా మెచ్చుకోకు. తినాల్సింది నేను కూడా" అంది. ఏడో రోజున రోకియా ఆ వంటమనిషినే భోజనానికి పిలిపించింది. అతను మూడుసార్లు పులుసు పోయించుకుని, "మీరు ఒకసారి క్యాంటీన్‌కి వచ్చి నేర్పాలక్కా" అని చేతులు జోడించాక గానీ ఆ ఇంట్లో కోడికూర మొహం ఎవరూ చూడలేదు.

మొక్కల మీద కూడా కుళ్లే. ఆ ఎడారిలో పాండన్ మొక్క బతికించడం పిల్లల్ని పెంచడం కన్నా కష్టం. వాసనకి ఆ ఆకు వెయ్యకపోతే పాయసం పాయసంలాగే ఉండదు. కింది అంతస్తు నోరిజా కుండీలో పాండన్‌కి మూడు పిలకలు వచ్చాయి, రోకియా కుండీలో ఒక్కటీ రాలేదు. రోకియా తన కుండీని మోసుకెళ్లి నోరిజా కిటికీ ఎదురుగా పెట్టింది.

"ఇదేంటక్కా?" అంది నోరిజా.

"చూసి నేర్చుకుంటుందని. దానికి సిగ్గన్నా రావాలి కదా" అంది రోకియా.

అయితే ఆమె కుళ్లు వల్ల క్వార్టర్లలో అందరికీ ఒక లాభం ఉండేది. ఎవరింటికి భోజనానికి వెళ్లినా రోకియా పళ్లెం నున్నగా ఖాళీ చేసి, వేళ్లు కూడా నాకి, అప్పుడు తీర్పు చెప్పేది. వంట నాసిగా ఉంటే ఆమెకి మంట ఏమీ ఉండదు కాబట్టి, "అబ్బ, ఎంత బాగుందో తల్లీ" అని మనసారా దీవించేది. వంట నిజంగా బాగుంటే ఓర్చుకోలేకపోయేది. "బాగానే ఉంది, కానీ..." అని మొదలుపెట్టి మూడు వంకలు చెప్పేది. ఈ సంగతి అందరికీ తెలుసు, నిన్న వచ్చినవాళ్లకీ, సముద్రం మీద పనికి పోయినవాళ్లకీ కూడా. అందుకే ఆ ‘కానీ’ కోసం ఇల్లాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లు. రోకియా మెచ్చుకున్న రోజున ఆ ఇంటావిడ తలుపేసుకుని ఏడ్చేది.

ఇక రాయా పండుగ. ఉపవాసాల నెల అయిపోయి, పొద్దున్నే నమాజు ముగిశాక, ఒక్కో ఇల్లూ ఒక్కో వేళకి తలుపులు తెరుస్తుంది. అందరూ ఇంటింటికీ తిరిగి తింటారు. మొదటి రోజు పది గంటల వేళ రోకియాది. అలాగని ఎక్కడా రాసి లేదు, పదకొండేళ్లుగా అంతే. పది గంటలకి ఆకలి నకనకలాడుతుంటుంది, అప్పుడు తిన్నదే ఏడాదంతా గుర్తుంటుంది. తమ పెరాక్ రాష్ట్రం పద్ధతిలో కొబ్బరిపాలలో మాంసాన్ని ఆరు గంటలు తిప్పి తిప్పి నల్లగా వేయించిన ఆమె రెండాంగ్ ముందు ఆ తర్వాత ఎవరి వంటైనా చప్పగానే ఉండేది. రోకియాకి ఉన్న ఆస్తి ఆ పది గంటలే అంటే తప్పులేదు.

ఆ ఏడు నాలుగో బ్లాకులోకి ఇంతాన్ అనే పిల్ల వచ్చింది. వచ్చి మూడు నెలలు, చంకలో ఎనిమిది నెలల బిడ్డ. భర్త ఫిర్దౌస్‌కి సముద్రం మధ్య గ్యాసు తవ్వే రిగ్గు మీద పని. నెలకి నాలుగు రోజులు తప్ప ఒడ్డున ఉండడు, పండక్కీ రాలేడు. ఆ పిల్ల పండుగకి మూడు రోజుల ముందు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పూలబొమ్మ పెట్టి ఇలా రాసింది: "మొదటి రోజు పది గంటలకి మా ఇంటికి అందరూ తప్పకుండా రావాలి. మా నెగ్రి సెంబిలాన్ వైపు పసుపు రెండాంగ్ చేస్తున్నాను."

గ్రూపు నోరు పడిపోయింది. పిల్లి ఫొటోలకి కూడా యాభై జవాబులు వచ్చే గ్రూపులో ఒక్కరూ పలకలేదు.

"పది గంటలకా!" రోకియా ఫోను సోఫా మీదకి విసిరేసింది. "పది నాది! నిన్నగాక మొన్న వచ్చింది, నెత్తి మీదకే ఎక్కాలా? అందులోనూ పసుపుదట! పసుపు రెండాంగ్ ఏంటండీ, అదేమైనా రోగమా?"

"పాపం, తెలియక పెట్టుంటుంది కియా" అన్నాడు బహ్రిన్.

"మీకు ఆ పిల్ల మీద పాపం అనిపిస్తోందన్నమాట. నా మీద ఎప్పుడైనా అనిపించిందా?"

బహ్రిన్ ఆమె విసిరిన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. ఈలోగా నోరిజా పరుగున మేడెక్కి వచ్చింది. "నువ్వేం దిగులుపడకక్కా. మేమంతా నీ ఇంటికే. పురుగైనా వెళ్లకపోతే ఆ పిల్లకి అదే తెలిసొస్తుంది" అంది. రోకియాకి ప్రాణం లేచొచ్చింది. అయినా శత్రువు బలం చూడాలి కదా. ఎప్పుడో ఇంతాన్ కేకు పెట్టి పంపిన డబ్బా ఒకటి ఇంట్లో ఉంది. డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వడం మర్యాద కాదు కాబట్టి నాలుగు బిస్కెట్లు వేసి, పండుగ ముందు రోజు మధ్యాహ్నం బహ్రిన్‌ని వెంటేసుకుని బయల్దేరింది. ఒంటరిగా వెళితే గూఢచారిలా ఉంటుందని ఆమె భయం.

ఇంతాన్ ఇంట్లో ఎక్కడెక్కడివో అడిగి తెచ్చిన కుర్చీలు గోడల వారగా వరసగా ఉన్నాయి. పళ్లేలు కడిగి బోర్లించి ఉన్నాయి. చెమటలు కక్కుతూ, ఒక చంకలో బిడ్డతో, రెండో చేత్తో పెద్ద గిన్నెలో గరిటె తిప్పుతోంది ఆ పిల్ల.

"రండక్కా, రండి! ఎంతమంది వస్తారో ఏమో, సరిపోతుందంటారా? ఉపవాసం కదా, రుచి కూడా చూడలేదు."

"పది గంటలకే పెట్టావేం?" రోకియా గొంతు చాకులా ఉంది.

"రిగ్గు మీద ఆయనకి పదిన్నరకే వీడియో ఇస్తారక్కా, పది నిమిషాలే. ఇక్కడ నీకెవరూ లేరు, బిడ్డతో ఊరికి వెళ్లిపో అని రోజూ ఒకటే పోరు. వెళ్లిపోతే ఇక ఏడాదికోసారే చూసుకోవడం. నాకు మనుషులున్నారని ఎంత చెప్పినా నమ్మరు. ఇల్లు నిండా జనాన్ని ఒక్కసారి చూపిస్తే ఆ మాట మానేస్తారని..." ఇంతాన్ నవ్వింది. "గ్రూపులో ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. పండుగ పనుల్లో ఉన్నారేమో కదా?"

"ఆ... పనులే, పనులే" అన్నాడు బహ్రిన్, నేల చూస్తూ.

రోకియా గిన్నెలోకి వంగి చూసి, డబ్బా బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది. మెట్లు దిగుతూ, "మాంసం నిలువుగా కోసింది, పిచ్చిమొహం. రబ్బరులా సాగుతుంది రేపు" అంది.

"మన వేళ మార్చుకుంటున్నామని గ్రూపులో చెప్పేస్తే పోలా?" అన్నాడు బహ్రిన్.

"చెబితే? రోకియా జాలిపడి వదిలేసిందని నోరిజా ఊరంతా చాటుతుంది. జాలిపడి వచ్చినవాళ్ల మొహాలు ఆ పిల్ల గుర్తుపట్టదా? అయినా నేనెందుకు మార్చుకోవాలి? పది నాది!"

పండుగ పొద్దున నమాజు నుంచి వచ్చిన బహ్రిన్‌కి మెట్ల దగ్గరే మాడు వాసన ముక్కులు బద్దలు కొట్టింది. పరుగున లోపలికి వెళితే, రోకియా కొత్త పట్టుబట్టలు కట్టుకుని, పాత బాణలిలో కొబ్బరి తురుము బొగ్గవుతుంటే తాపీగా కలుపుతోంది. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి.

"కియా! మాడిపోతోంది!"

"మాడుస్తున్నాను. కళ్లు కనిపించడం లేదా?"

"మరి రెండాంగ్?"

"మీ బీరువాలో ఉంది. చొక్కాల వెనకాల. ఈ సంగతి నోరు జారి ఎవరికైనా చెప్పారో, జన్మలో నా చేతి వంట తినరు."

తర్వాత ఫోను తీసుకుని, గొంతు సవరించుకుని, గ్రూపులోకి మాట్లాడింది. పదకొండేళ్లలో తన వంటలో ఉప్పురాయి తేడా వచ్చిందని ఒప్పుకోని మనిషి. "నా రెండాంగ్ మొత్తం మాడిపోయింది. మా ఇంటికి ఎవరూ రావద్దు. నాకే తిండి లేక ఇంతాన్ ఇంటికి పోతున్నా. ఆకలేసినవాళ్లు అక్కడికి రండి" అంది. చివరి మాట అనేటప్పుడు ఆమె గొంతు నిజంగానే వణికింది.

రెండు నిమిషాల్లో నోరిజా గుమ్మంలో ఉంది. ముక్కు పట్టుకుని బాణలి వైపు చూసింది.

"అక్కా, నీ రెండాంగ్ ఎప్పుడూ నల్లగానే ఉంటుంది కదా. మాడిందని నీకెలా తెలిసింది?"

బహ్రిన్ గోడ వైపు తిరిగిపోయాడు. ఇంకో రోజైతే ఆ మాటకి నోరిజా కుండీలో పిలకలు మిగిలేవి కావు. రోకియా పళ్లు నూరి, "నడువు, ఆకలేస్తోంది" అంది.

పదిన్నరకి ఇంతాన్ ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. కుర్చీలు చాలక మగవాళ్లు మెట్ల మీద కూర్చున్నారు. పిల్లలు మంచం కిందకి దూరారు. ఫోనులో నారింజ రంగు డ్యూటీ బట్టల్లో ఫిర్దౌస్ ప్రత్యక్షమయ్యాడు. ఇంతాన్ ఫోను ఎత్తిపట్టి గది చుట్టూ తిప్పుతుంటే కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు.

బహ్రిన్ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. సాగుతోంది. ఉప్పు కూడా రెండు రాళ్లు ఎక్కువే పడింది. చుట్టూ చూస్తే అందరి దవడలూ ఆడుతున్నాయి. అందరి కళ్లూ రోకియా పళ్లెం మీదే ఉన్నాయి. ‘అబ్బ, ఎంత బాగుందో’ అందంటే ఆ పిల్ల పని అయిపోయినట్టే. బహ్రిన్‌కి తెలుసు, భార్యకి ఈ విషయంలో అబద్ధం చేతకాదు. కుళ్లు లేనిచోట ఆమెకి వంక దొరకదు.

రోకియా ఆఖరి ముక్క దాకా తింది. వేళ్లు నాకింది. ఇంతాన్ గిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

"బాగానే ఉంది" అంది రోకియా. ఒక్క క్షణం ఆగింది. "కానీ..."

ఇల్లు కప్పు ఎగిరిపోయేలా కేకలు లేచాయి. నోరిజా ఇంతాన్‌ని వాటేసుకుంది. "కానీ నిమ్మగడ్డి కాస్త ఎక్కువైంది, కానీ ముక్క ఇంకాస్త పెద్దదిగా కోయాల్సింది, కానీ ఆ పసుపు..." అని రోకియా ఇంకా వంకలు పెడుతూనే ఉంది, వినేవాళ్లు లేరు. అప్పటిదాకా దవడలు నొప్పెట్టినవాళ్లంతా తమ నాలుకనే అనుమానించి మళ్లీ వడ్డించుకోవడం మొదలుపెట్టారు.

ఫోనులోంచి ఫిర్దౌస్ అరిచాడు. "ఏమైంది? అక్క ‘కానీ’ అందా?"

"అందండీ! మూడుసార్లు!" ఇంతాన్ ఏడుస్తూ నవ్వింది.

"అయితే ఊరికెందుకులే, అక్కడే ఉండు" అన్నాడు ఫిర్దౌస్. అంతలో అతని పది నిమిషాలూ అయిపోయాయి.

ఇంటికి వచ్చాక రోకియా పట్టుబట్టలతోనే మంచం మీద కూలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నోరిజా రెండు డబ్బాలు కట్టించుకుపోయింది. చూశారా మీరు? రెండు! పదకొండేళ్లలో నా దగ్గర ఒక్కటి కట్టించుకుందా? ఆ రబ్బరు ముక్కల్ని!"

"నువ్వే కదా..."

"నేనే! అందుకే ఇంకా మండుతోంది! వచ్చే ఏడు పది గంటలు ఎవరిదంటారు? మాడబెట్టుకున్నదని నన్ను ఏడాదంతా ఏడిపించరూ?"

బీరువా తెరిచి, చొక్కాల వెనక నుంచి గిన్నె బయటికి తీసి, బహ్రిన్ పళ్లెంలో రెండు నల్లని ముక్కలు వేసింది. నోట్లో పెట్టుకుంటే కరిగిపోయాయి. ఆల్యా కూడా పళ్లెం పట్టుకుని పరుగున వచ్చింది.

"ఎలా ఉంది?" అంది రోకియా, ఎప్పటిలాగే గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడి.

ఈ ప్రశ్నకి బహ్రిన్ దగ్గర పదకొండేళ్లుగా ఒకే జవాబు ఉంది, ‘నీకు సాటి ఎవరూ లేరు’ అని. ఈసారి తొందరపడలేదు. పళ్లెం నున్నగా ఖాళీ చేశాడు. వేళ్లు నాకాడు.

"బాగానే ఉంది" అన్నాడు. "కానీ..."

ఆల్యా తినడం ఆపి బిక్కచచ్చిపోయి తండ్రి వైపు చూసింది.

"ఊఁ? కానీ?" రోకియా గరిటె పైకి లేచింది.

"కానీ కొంచెం చొక్కా వాసన వస్తోంది."

రోకియా అలా చూస్తూనే ఉంది. పెదవులు బిగించినా నవ్వు ఆగలేదు. దెబ్బ పడుతుందేమోనని బహ్రిన్ తల వంచాడు. గరిటె కిందికి దిగి, అతని పళ్లెంలో ఇంకో మూడు ముక్కలు వేసింది.