జానకి టీచర్ రాయించిన మొదటి పేరా

భవానీపురంలో ఓ ప్రైవేటు బడి. అందులో జానకి టీచర్ ఇరవై ఆరేళ్లుగా తెలుగు చెబుతోంది. ఆవిడకో పద్ధతుంది. వ్యాసం దేని గురించైనా సరే, మొదటి పేరా, చివరి పేరా తనే బోర్డు మీద రాసి బట్టీ పట్టిస్తుంది. మధ్యలోది పిల్లల తిప్పలు. మార్కులు బాగా పడుతుంటే కాదనేదెవరు?

ఈ ఏడు బడిలో కొత్త రూలొచ్చింది. ఇంటి దగ్గర రాసుకొచ్చిన వ్యాసాల్ని కంప్యూటర్ పరీక్షిస్తుంది. ఏఐ చేత రాయించారని తేలిందా, మార్కులు సున్నా, జిల్లా వ్యాసరచన పోటీకి పేరు కూడా ఉండదు. ఆ రూలుకు అందరికంటే ముందు తలూపింది జానకి టీచరే.

తీరా పట్టుబడింది ఎవరయ్యా అంటే, తొమ్మిదో తరగతి హెప్సిబా! పోటీకి వెళ్లాల్సిన పిల్ల. "మిషన్ రాసి ఉండే అవకాశం తొంభై రెండు శాతం" అని తేల్చేసింది కంప్యూటర్. వాళ్ల నాన్న జాన్‌బాబు ఆటో కిరాయి మానుకుని వచ్చి ప్రిన్సిపాల్ గదిలో చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"మా ఇంట్లో ఉన్నది ఒక్క ఫోనండీ. అదీ నాతోపాటే ఆటోలో తిరుగుద్ది."

ప్రిన్సిపాల్ కోటేశ్వరరావు గారు అనుమానం తగిలిన వాక్యాల్ని పైకి చదివారు. "మానవ జీవన గమనంలో నీటి ప్రాముఖ్యం వెలకట్టలేనిది..."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడింది అక్కడే కూర్చున్న జానకి టీచర్. అయ్యో, ఇది నా వాక్యమే! నోరు మూసుకుంటే తన పరువు దక్కుతుంది, పిల్ల బతుకు మీద మచ్చ పడుతుంది.

"అవి మిషన్ మాటలు కాదండీ, నావి. నేనే బట్టీ పట్టించాను. కావాలంటే నా నోట్సు కంప్యూటర్‌లో పెట్టి చూడండి."

పెట్టారు. తొంభై ఎనిమిది శాతం! కోటేశ్వరరావు గారు పగలబడి నవ్వారు. "ఏవండోయ్, ఇన్నాళ్లూ ఏఐకి జీతమిస్తున్నామా మేము!"

ఆ మధ్యాహ్నమే రూలు మారింది. కంప్యూటర్ అనుమానించినంత మాత్రాన శిక్ష వేయకూడదు. ముందు పిల్లల్ని పిలిచి, రాసిందేమిటో నోటితో చెప్పించాలి. మొదటి వంతు హెప్సిబాదే. కొండ మీది ఇంటికి మెట్లెక్కి బిందెలు మోయడం, మోకాళ్లు పట్టేసిన అమ్మ మధ్యలో కూలబడటం, అంతా గడగడా చెప్పేసింది. పేరు పోటీకి ఖాయమైంది. జానకి టీచర్ ప్రాణం కుదుటపడింది.

బయటికొచ్చాక హెప్సిబా బెరుగ్గా అడిగింది. "టీచర్, పోటీలో మొదటి పేరా కూడా నేనే రాసుకోనా?"

"రాసుకోవే తల్లీ, రాసుకో" అంది జానకి టీచర్. ఇన్నేళ్లూ ఆ మాట తనంతట తాను ఏ పిల్లకీ ఎందుకు చెప్పలేదో ఆవిడకే అర్థం కాలేదు.