వరసల పిన్నీ, ఒకే ఒక్క టీకా

మా పిన్నికి ఉన్న జబ్బు ఒక్కటే. కనిపించిన ప్రతి మనిషినీ ఇంట్లో ఎవరెవరున్నారని అడిగి, వరస కలిపేస్తుంది. పొరపాటున మా నంబరుకి ఫోన్ చేసిన అమ్మాయి కూడా పెట్టేసేలోపు ఆమెకు కోడలైపోతుంది. అందుకే వీధి వీధంతా ఆమెను వరసల పిన్ని అంటుంది.

ఒకసారి వంటింట్లో కుళాయి కారుతుంటే ప్లంబరు వచ్చాడు. అతను సంచీలోంచి స్పానరు తీసేలోపే మేనల్లుడైపోయాడు. బాబాయి హాల్లో పేపరు చదువుకుంటున్నాడు.

"మేనల్లుడు సింకు కింద దూరి అవస్థ పడుతుంటే, మావయ్య అయ్యుండి మీరలా కూర్చుంటే ఏం బాగుంటుందండీ?"

పాపం బాబాయి, పని అయ్యేదాకా టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాడు.

ఈ చలికాలం ఊరంతా ఫ్లూ. టీకాలకేమో కరువు. నిరుడు పిన్ని ఇదే ఫ్లూతో మంచం పట్టి మమ్మల్నందర్నీ హడలగొట్టింది. అందుకని వీధి చివరి క్లినిక్కుకి టీకాలొచ్చాయని తెలియగానే బాబాయి నన్ను తోడిచ్చి పంపాడు.

"టీకా వేయించకుండా తీసుకొచ్చావో, నిన్ను గుమ్మం ఎక్కనివ్వను!"

మేం వెళ్ళేసరికి క్యూ లాండ్రీ దాకా సాగింది. ఎవరు ముందు దూరతారో అని జనం ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. పిన్నికి మాత్రం చుట్టాలింటికి వచ్చినట్టుంది. ముందున్న స్కూలు టీచరు వదిన అయింది. ఆమె ముందున్న బస్సు డ్రైవరు అల్లుడయ్యాడు. మా వెనక, క్యూ చివర్న ఒక ముసలి దర్జీ ఉబ్బసంతో ఆయాసపడుతున్నాడు. ఆయన అన్నయ్య.

"ఇంట్లో ఎవరెవరుంటారన్నయ్యా?"

"నేనూ, కుట్టుమిషనూ."

ఇంతలో నర్సు బయటికొచ్చింది. "టీకాలు చాలా తక్కువున్నాయి. కుటుంబానికి ఒక్కటే!"

సరిగ్గా అప్పుడే పిన్ని గొంతెత్తింది. "అల్లుడూ, చొక్కా చెయ్యి మడుచుకో! వదినా, ఆ సంచి ఇలా ఇవ్వు!"

నర్సు ఆగి చూసింది. "మీరంతా ఒకే కుటుంబమా? అయితే ఒక్కరే రండి."

డ్రైవరు గబుక్కున పక్కకి జరిగాడు. "ఈవిడెవరో నాకు తెలీదండీ! ఇందాకే పరిచయం!"

"అంత మాటన్నావేంటి అల్లుడూ!" పిన్ని నొచ్చుకుంది.

"చూశారా, అల్లుడే!" అంది నర్సు.

ఇంకేముంది, రచ్చ రచ్చ. అందరూ గుర్తింపు కార్డులు తీసి, ఒకరికొకరు ఏమీ కామని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ఆస్తి పంపకాల్లో అన్నదమ్ములు కూడా అంత తొందరగా విడిపోరు. వదిన తన సంచి లాక్కుంది. "దణ్ణం పెడతాను, ఇంక నోరు తెరవకు" అని పిన్ని చెవిలో బతిమాలాను.

మా వంతు వచ్చింది. నర్సు పెట్టెలోకి చూసి, "ఇదే ఆఖరిది" అంది. దర్జీ మఫ్లరు సర్దుకుని వెనుదిరిగాడు.

"ఆగన్నయ్యా!" పిన్ని ఆయన చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, మా కుటుంబం టీకా ఈయనకి వెయ్యి."

"ఎవరూ మీకేమీ కారని ఇందాకే తేలిందిగా?"

"వాళ్ళు కారు. ఈయన అవుతాడు."

"వద్దమ్మా, నేనెవర్ని..." దర్జీ నసిగాడు.

"మీరు ముందు కూర్చోండన్నయ్యా!"

నాకు ఒళ్ళు మండింది. "పిన్నీ, నిరుడు ఎంత అవస్థ పడ్డావో మర్చిపోయావా?"

"లేదురా. కాళ్ళు నొక్కడానికి నువ్వున్నావు, జావ కాచివ్వడానికి మీ బాబాయి ఉన్నాడు. ఈయన మంచం పడితే గ్లాసుడు నీళ్ళు ఎవరిస్తారు, కుట్టుమిషనా?"

ఎవరితో మాట కలిపినా ఇంట్లో ఎవరెవరున్నారని ముందుగా ఎందుకడుగుతుందో నాకప్పుడు తట్టింది. కోపం పోయి, పిన్ని చెప్పలేనంత ముద్దొచ్చింది.

సూది గుచ్చుతుంటే దర్జీ కళ్ళు మూసుకుని పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "కొత్త పెట్టె రాగానే ఫోన్ చేస్తాను పిన్నీ" అంది నర్సు. అంటే ఆవిడా చిక్కిందన్నమాట.

ఇంటికి రాగానే బాబాయి ఎదురొచ్చాడు. "వేశారా టీకా?"

"మా అన్నయ్యకి వేయించానండీ."

"నీకు అన్నయ్యే లేడు కదే!"

"ఇవాళ్టి నుంచి ఉన్నాడు."

బాబాయి నా వైపు ఉరిమి చూశాడు. నేను దర్జీ సంగతంతా చెప్పాను. విని, కాసేపు గడ్డం గోక్కుని, పెద్దగా నిట్టూర్చాడు.

"సరే గానీ, బావగారు భోజనానికి ఎప్పుడొస్తారు?"