పెట్రోలుకు నీళ్ల పైపు

ఊరూరా జ్వరాలొచ్చిన ఏడాది నా ముక్కు పనిచేయడం మానేసింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. కూర మాడినా, గ్యాసు కట్టేయడం మరిచినా నాకు తెలియదు. ఈ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? అయ్యో అంటారు, అంతే. ఆ అయ్యో వినే ఓపిక నాకు లేదు.

మణుగూరు బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు పంపుల ఫిట్టరుగా చేశాను. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, వెనక మోటరు బిగించే చిన్న బోటు ఒకటి కొని గోదావరిలో నడుపుతున్నాను. అవతలి ఒడ్డు అడవి పల్లెల నుంచి మిరపకాయ ఏరడానికి వచ్చే ఆడకూలీలను పొద్దున ఇటు, సాయంత్రం అటు దాటించడం పని. వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలంటే వాళ్లకు సగం పొద్దు పోతుంది. ఆ రేవులో ఇంకో బోటు లేదు.

మిరప కోతలు మొదలయ్యే ముందు మోటరు పైమూత తీసి చూస్తే లోపలి పైపులు రెండూ బిరుసెక్కి ఉన్నాయి. ఒకటి మోటరును చల్లబరిచే నీళ్ల పైపు, ఇంకోటి పెట్రోలు పైపు. రెండూ నల్లగా, చిటికెన వేలంత లావున ఉంటాయి. వేడికి తట్టుకునే నీళ్ల పైపు ఒక ముక్క తెచ్చి నీళ్లకు వేస్తే మూరెడు మిగిలింది. దాన్నే పెట్రోలుకూ వేశాను. పైపంటే పైపే కదా అనుకున్నాను. ఇన్నేళ్లు పైపులు బిగించిన చేతులివి, నాకొకరు చెప్పేదేమిటన్న పొగరు కూడా ఉంది. క్లిప్పు చాలక ఒక చివర ఇనపతీగ చుట్టాను.

వారం తిరక్కుండానే ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "పెట్రోలు వాసన బాగ వస్తాంది" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "మోటరు బోటుల పెట్రోలు వాసన గాక అత్తరు వాసన వస్తదా? ఎక్కితె ఎక్కుండ్రి, లేకుంటె నడిసి పోండ్రి" అన్నాను. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను నెగ్గాననుకున్నాను.

మూడు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం వాళ్లను అవతల దింపి ఖాళీగా తిరిగొస్తుంటే నడి గోదావరిలో మోటరు దగ్గి దగ్గి ఆగిపోయింది. మూత తీశాను. పెట్రోలు పైపు ఉబ్బిపోయి, ఉడికిన బెండకాయలా మెత్తగా ఉంది. తీగ చుట్టిన చోట తడి. గుడ్డతో తుడిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. నీళ్లో పెట్రోలో నాకు తెలియలేదు. తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు చేరి, ఇంటికెళ్లి ఆ గుడ్డ నా భార్యకు ఇచ్చాను.

"పెట్రోలే గదా! రోజు నీ బట్టలు గిదే వాసన. బోటు పని గదా అని ఊకున్న" అంది.

మూత కింద పెట్రోలు ఆవిరి పెట్టుకుని, పదిమంది ఆడవాళ్లను ఎక్కించుకుని ఇన్నాళ్లు తిప్పాను. ఒక్క నిప్పురవ్వ పడి ఉంటే?

మర్నాడు బోటు కట్టేసి, ఖమ్మం దాకా బస్సులో వెళ్లి, బోటు మోటర్ల సామాను తెప్పించి ఇచ్చే దుకాణాయన ముందు ఆ ముక్క పెట్టాను. ఆయన తిట్టలేదు. "ఇది నీళ్లదన్నా. వేడికి ఆగుతది గని పెట్రోలుకు ఆగది. పెట్రోలు తాగి ఉబ్బుతది, లోపల సందు మూసుకపోతది, పైకి చెమట పోస్తది" అన్నాడు. పెట్రోలుకని పైన అచ్చు వేసి ఉన్న పైపే కొనాలట. పైపు తొడిగే గొట్టం మూతికి బలవంతంగా ఎక్కించకూడదు, వదులుగానూ ఉండకూడదు. తీగ కాదు, తుప్పు పట్టని స్క్రూ క్లిప్పులు వేయాలి. నీళ్ల పైపును కూడా అప్పుడప్పుడు మడిచి చూసి, పగుళ్లు కనిపిస్తే మార్చాలి. గనిలో కొత్తగా చేరినవాళ్లకు ఇలాంటి మాటలే నేను చెప్పేవాణ్ణి. చివర్లో ఆయన, "బిగించినంక వాసన చూస్కో అన్నా. జర వచ్చినా మోటరు తిప్పకు" అన్నాడు. దానికి తలాడించి, పైపు, క్లిప్పులు కొనుక్కుని బయటికొచ్చాను.

ఆ సాయంత్రమే పెట్రోలు పైపు మార్చాను. ప్రతి అతుకూ తెల్లగుడ్డతో తుడిచి వెలుతురులో చూశాను. గుడ్డ పొడిగానే ఉంది. అయినా మనసు ఒప్పుకోలేదు. తెల్లారి అవతలి రేవుకు వెళ్లి, ఎవరినీ ఎక్కనివ్వకుండా, కూలీల ముఠాలో పెద్దామెను పిలిచాను.

"అక్కా, నాకు వాసన తెల్వదు. జ్వరమొచ్చినప్పుడు పోయింది. జర మోటరు కాడ చూసి చెప్పు."

ఆమె వంగి, నిదానంగా పీల్చి, "ఇయ్యాల లేదు" అంది. తర్వాత నడుం నిలబెట్టుకుని నా వైపు చూసింది. "నీకు తెల్వదని మాకు ఎరికే తమ్మీ. వాసన తెలిసినోడు ఆ మోటరు పక్కన గట్ల కూసోడు. చెప్తె తిడుతవు. అందుకనే నీ బోటుల ఎవ్వరం చుట్ట ముట్టియ్యొద్దని మాలో మేమే అనుకున్నం."

"మరి తెలిసి ఎట్ల ఎక్కిండ్రు?" అన్నాను.

"ఎక్కకుంటె పనికెట్ల పోతం? నిన్న నువ్వు రాలే, మేం పోలే" అంటూ ఆమె బోటెక్కి కూర్చుంది.